పెళ్లిపందిట్లో తెరవకూడని మెనూ

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా, ఆగస్టు 19న జరిగిన ఫొటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

వేదిక మీది పెద్దలకు, నాతోపాటు పెళ్లిళ్లలో ఎన్నో రాత్రులు మేల్కొన్న మిత్రులకు, ఈ మధ్యే కెమేరా చేతపట్టిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నాకు అప్పగించిన అంశం మెనూ. కాంతి గురించో, కంపోజిషన్ గురించో మాట్లాడమంటే సభ రక్తికడుతుంది గానీ, కెమేరా వెనుక తెర మీద వరుసలు వరుసలుగా కనిపించే ఆప్షన్ల గురించి మాట్లాడితే ఎవరు వింటారని నిర్వాహకులను అడిగాను. ‘‘మొన్నటి పెళ్లిలో మంగళసూత్రధారణ సమయానికి మెనూలో వెతుక్కుంటూ నిలబడ్డవాళ్లు తప్పకుండా వింటారు’’ అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో నాకు తెలియదు, అడగలేదు కూడా.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన రోజుల్లో మా గురువుగారి దగ్గర నికాన్ ఎఫ్ఎం2 ఉండేది. 1982లో విడుదలైన ఆ కెమేరాకు మెనూ అన్నదే లేదు. ఎంతసేపు వెలుతురు పడనివ్వాలో నిర్ణయించే షటర్ స్పీడు చక్రం పైన, దానిలోనే చిన్న కిటికీలో ఫిల్మ్ స్పీడు అంకె, లెన్స్ చుట్టూ అపెర్చర్ రింగు, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని పెంచి తగ్గించేది, అంతే. బ్యాటరీ అయిపోతే మీటరు మాత్రమే ఆగేది, షటర్ మాత్రం నిక్షేపంగా పడేది. కెమేరా ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఒక్కసారి పైనుంచి చూస్తే చాలు. ఇవాళ మన చేతిలోని కెమేరా దానికన్నా వందరెట్లు తెలివైనదే, కాదనను. కానీ అది తీసుకునే నిర్ణయాల్లో చాలాభాగం తెర వెనక్కి వెళ్లిపోయాయి, పైనుంచి చూస్తే కనబడవు. కనబడని నిర్ణయం తప్పయినప్పుడు ఆ తప్పు కూడా ఆ క్షణాన కనబడదు. ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లో తెరిచాకే తెలుస్తుంది. అప్పటికి పెళ్లికూతురు అత్తారింట్లో ఉంటుంది.

మాటలు గాల్లో తేలకుండా ఉండటానికి ఒక కెమేరాను పట్టుకుని మాట్లాడతాను. అది నికాన్ డి750. 2014లో వచ్చింది, 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, రెండు ఎస్‌డీ కార్డుల స్లాట్లు. ఇప్పుడు కొత్తది దొరకదు గానీ, సెకండ్ హ్యాండ్‌లో కొని దానితోనే వృత్తి మొదలుపెట్టినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారని మెడల్లో వేలాడుతున్న కెమేరాలను చూస్తే తెలుస్తోంది. కెనాన్ వాడేవారు, సోనీ వాడేవారు నొచ్చుకోవద్దు. పేర్లు మారతాయి, అంగడి అమరిక మారుతుంది, సరుకు మాత్రం దాదాపు ఒకటే.

డి750లో మెనూ బటన్ నొక్కితే ఎడమవైపు నిలువుగా ఏడు గుర్తులు కనిపిస్తాయి: ప్లేబ్యాక్, ఫొటో షూటింగ్, మూవీ షూటింగ్, పెన్సిల్ బొమ్మతో కస్టమ్ సెట్టింగ్స్, పానా బొమ్మతో సెటప్, ఆపైన రీటచ్, చివర మై మెనూ. కొత్తగా కొన్నవాళ్లు మొదటి గుర్తుతో మొదలుపెట్టి చివరిదాకా ఒక్కొక్క ఆప్షన్ చదువుకుంటూ పోతారు, మూడో గుర్తు దగ్గర నిద్రపోతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. తర్వాత నాకు అర్థమైన మాట ఒకటుంది. మెనూను కంపెనీ పేర్చిన వరుసలో చదవకూడదు, తప్పు జరిగితే తర్వాత దిద్దుకోగలమా లేదా అన్న ప్రశ్నతో చదవాలి. దిద్దుకోలేని వాటిని ఇంటి దగ్గరే తీరికగా కూర్చుని అమర్చుకోవాలి, దిద్దుకోగలిగిన వాటి గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ సెట్టింగులు ఎవరికీ పెద్దగా నష్టం కలగకుండా అందరినీ దృష్టిలో పెట్టుకుని చేసినవి. అవి మీ పని తెలిసి చేసినవి కావు.

అన్నిటికన్నా ముందు ఫొటో షూటింగ్ మెనూలోని ఇమేజ్ క్వాలిటీ. పెట్టెలోంచి తీసిన డి750 జేపెగ్ నార్మల్‌లో ఉంటుంది. అంటే సెన్సర్ పట్టుకున్న సమాచారంలోంచి కెమేరా తనకు నచ్చిన రంగు, కాంట్రాస్టు, షార్ప్‌నెస్ కలిపి వంట పూర్తిచేసి వడ్డించి, మిగిలిన పచ్చిసరుకును పారేస్తుంది. రా ఫైలు అంటే ఆ పచ్చిసరుకే. దాన్ని భద్రంగా ఉంచుకుంటే వైట్ బ్యాలెన్సు (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు దిద్దేది), పిక్చర్ కంట్రోల్ (రంగు, కాంట్రాస్టుల రుచి) వంటివన్నీ ఒక్క దెబ్బతో ‘తర్వాత దిద్దుకోగలిగినవి’ అయిపోతాయి. మెనూలో సగం బరువు ఈ ఒక్క మార్పుతో దిగిపోతుంది. అందుకే దీన్ని మొదట చెప్పాను. దాని కిందనే రా రికార్డింగ్ అనే ఆప్షన్‌లో 12 బిట్లు, 14 బిట్లు అని ఉంటాయి. 12 బిట్లంటే ఒక్కో రంగుకు 4,096 అంతస్తులు, 14 బిట్లంటే 16,384. సాధారణ వెలుతురులో తీసిన బొమ్మను పక్కపక్కన పెడితే మీరు గానీ నేను గానీ తేడా కనిపెట్టలేం. కానీ దీపాల వెలుగులో నీడలోకి వెళ్లిపోయిన ముఖాన్ని తర్వాత పైకి లాగవలసి వచ్చినప్పుడు ఆ అదనపు అంతస్తులు అక్కరకొస్తాయి. సమాచారం పోకుండా ఫైలును కుదించే లాస్‌లెస్ కంప్రెస్‌డ్, 14 బిట్లు పెట్టుకోండి. ఒక్కో ఫైలు 25 నుంచి 30 ఎంబీ మధ్య వస్తుంది. కార్డుల దగ్గర పిసినారితనం వద్దు.

పెళ్లి రోజే ఆల్బమ్‌కో, వాట్సాప్‌కో ఫొటోలు అడిగేవాళ్లుంటారు కాబట్టి జేపెగ్‌నూ వదులుకోలేం. అక్కడ రెండో స్లాట్ ఉపయోగం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. మెనూలో దానికి మూడు పాత్రలున్నాయి. డిఫాల్ట్‌గా ఓవర్‌ఫ్లో, అంటే మొదటి కార్డు నిండాక రెండోది మొదలవుతుంది. రెండోది బ్యాకప్, ఒకే బొమ్మ రెండింటిలోనూ పడుతుంది. మూడోది రా ఒక కార్డులోకి, జేపెగ్ మరో కార్డులోకి. ఓవర్‌ఫ్లో పెట్టి పెళ్లి తీసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. కార్డు ఎప్పుడో ఒకప్పుడు చెడిపోయే వస్తువు, ముహూర్తానికి మళ్లీ రీటేక్ లేదు. నేను మూడో పద్ధతి వాడతాను. రా కార్డు పోయినా కనీసం ఫైన్ జేపెగ్‌లు మిగులుతాయి, జేపెగ్ కార్డును అక్కడికక్కడే తీసి ఇచ్చేయవచ్చు. ప్రాణం పెట్టి కాపాడుకోవలసిన పని అయితే బ్యాకప్పే సరైనది, అందులో వాదనకు తావులేదు.

ఇక కస్టమ్ సెట్టింగ్స్‌లో ఎక్కడో కంట్రోల్స్ విభాగం అడుగున దాక్కున్న ఒక ఆప్షన్ గురించి చెబుతాను. ఇది నా సొంత సిగ్గుచేటు కథ. దాని పేరు స్లాట్ ఎంప్టీ రిలీజ్ లాక్. కార్డు లేకపోయినా షటర్ పడనివ్వాలా వద్దా అన్నది దాని ప్రశ్న, డిఫాల్ట్ జవాబు ‘పడనివ్వు’. దుకాణంలో కార్డు లేకుండానే కెమేరా చూపించడానికి ఆ సౌకర్యం పనికొస్తుందనుకుంటాను. కోనసీమలో ఒక ఒడుగుకు వెళ్లాను. ముందురోజు రాత్రి కార్డులు కంప్యూటర్‌లో పెట్టి కాపీ చేసుకుని అక్కడే మరచిపోయాను. కెమేరా మామూలుగా క్లిక్ క్లిక్ మంటోంది, తెర మీద బొమ్మ కూడా క్షణంపాటు కనిపిస్తోంది. ఆ బొమ్మ పక్కన చిన్న అక్షరాల్లో ‘డెమో’ అని పడుతున్న సంగతి, వటువు భిక్షకు జోలె పట్టుకుని వాళ్ల అమ్మమ్మ ముందు నిలబడేదాకా నేను గమనించలేదు. అప్పటికి నలభై నిమిషాలు గడిచాయి. సహాయకుడి బ్యాగులో ఇంకో కార్డుండటం వల్ల భిక్ష దక్కింది, జంధ్యం వేసిన క్షణం దక్కలేదు. ఆ కుటుంబం నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధించింది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ ఆప్షన్‌ను లాక్‌లోకి మార్చాను. అది మార్చడానికి పట్టిన సమయం పదిహేను సెకన్లు.

నిశ్శబ్దంగా నష్టం చేసే ఆప్షన్లంటే ఇవే. ఇలాంటిదే ఇంకొకటి అదే పెన్సిల్ మెనూలో, ఎక్స్‌పోజర్ విభాగంలో ఉంటుంది. దాని పేరు ఫైన్‌ట్యూన్ ఆప్టిమల్ ఎక్స్‌పోజర్. బొమ్మ వెలుతురును కావాలని కాస్త పెంచే, తగ్గించే మామూలు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మారిస్తే వ్యూఫైండర్‌లో గుర్తు పడుతుంది. దీన్ని మారిస్తే ఏ గుర్తూ పడదు, కెమేరా జీవితాంతం కొంచెం వెలుతురుగానో, చీకటిగానో తీస్తూ పోతుంది. సెకండ్ హ్యాండ్ కెమేరా కొన్నవాళ్లు ముందుగా చూడవలసింది దీన్నే. పాత యజమాని అభిరుచి మీ పెళ్లి ఫొటోల్లోకి ఎందుకు రావాలి? కొనగానే కస్టమ్ సెట్టింగ్స్‌నూ, షూటింగ్ మెనూనూ రీసెట్ చేసి మొదలుపెట్టడం ఉత్తమం. కెమేరా మీద ఆకుపచ్చ చుక్కలున్న రెండు బటన్లు కలిపి పట్టుకుంటే రీసెట్ అవుతుంది కదా అంటారేమో. ఆ రెండు బటన్ల రీసెట్ పెన్సిల్ మెనూను ముట్టుకోదు. దానికి ఆ మెనూలోనే వేరే రీసెట్ ఉంది.

ఇప్పుడు ఆటో ఐఎస్ఓ దగ్గరికి వద్దాం. ఐఎస్ఓ అంటే వెలుతురుకు కెమేరా ఎంత చురుగ్గా స్పందించాలన్న అంకె, ఆటో అంటే దాన్ని కెమేరాయే మార్చుకుంటుంది. ఈ ప్రసంగంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే దీన్ని గుర్తుంచుకోండి, ఎందుకంటే షేక్ అయిన బొమ్మను ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా బాగుచేయలేదు. ఆటో ఐఎస్ఓ ఆన్ చేసి వదిలేస్తే సరిపోదు. దాని లోపల రెండు గదులున్నాయి. ఒకటి గరిష్ఠ ఐఎస్ఓ, రెండోది కనిష్ఠ షటర్ స్పీడు. కనిష్ఠ షటర్ స్పీడును ఆటోలో వదిలేస్తే, కెమేరా లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను బట్టి లెక్క వేసుకుంటుంది. 35 ఎంఎం దగ్గర మీరు తీస్తుంటే సుమారు 1/40 సెకనుకు దిగడానికి కూడా అది వెనుకాడదు. ఆ లెక్క వెనుక ఉన్నది మీ చేతి వణుకు మాత్రమే. ఎదురుగా ఉన్న మనుషులు కదులుతున్నారన్న సంగతి దానికి తెలియదు.

తలంబ్రాల ఘట్టం ఊహించుకోండి. వధువు దోసిలి పైకెత్తింది, వరుడు తప్పించుకోబోతూ తల పక్కకు తిప్పాడు, చుట్టూ మూగినవాళ్లు అరుస్తున్నారు, బియ్యపు గింజలు, ముత్యాలు గాల్లో ఉన్నాయి. 1/40 సెకనుకు తీస్తే ఆ గింజలు తెల్లటి గీతలవుతాయి. అది కొంతవరకు అందమే అనుకుందాం. కానీ నవ్వుతూ తల విదిల్చిన వధువు కన్నులు కూడా గీతలవుతాయి. కనిష్ఠ షటర్ స్పీడును 1/160 గానో, 1/200 గానో మీరే నిర్ణయించి పెడితే, కెమేరా అక్కడ ఆగి, అవసరమైన వెలుతురు కోసం ఐఎస్ఓను పెంచుకుంటుంది. గరిష్ఠ ఐఎస్ఓ ఎంత ఉండాలన్నది మీ కళ్లు నిర్ణయించాలి. డి750కి నేను 6,400 పెట్టుకుంటాను. నాయిస్ (ఐఎస్ఓ పెరిగితే వచ్చే ఇసుక రేణువుల లాంటి మచ్చలు) ఉన్న నవ్వును ఆల్బమ్‌లో వేయవచ్చు, షేక్ అయిన నవ్వును వేయలేం. ఫ్లాష్ తగిలించినప్పుడు ఈ కెమేరాకు సింక్ స్పీడు, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షటర్ స్పీడు, 1/200 అన్నది కూడా గుర్తుంటే ఆ అంకె రెండు పనులకూ సరిపోతుంది.

దీనిలో ఒక ఉచ్చు ఉంది. ఈ కనిష్ఠ షటర్ స్పీడు, అపెర్చర్ మనం పెడితే షటర్ స్పీడు కెమేరా చూసుకునే అపెర్చర్ ప్రయారిటీలోనూ, రెండూ కెమేరాయే చూసుకునే ప్రోగ్రామ్ మోడ్‌లోనూ మాత్రమే వర్తిస్తుంది. మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లినా ఆటో ఐఎస్ఓ మాత్రం ఆగదు. ‘‘నేను మాన్యువల్‌లో పెట్టాను, అయినా ఒక్కో బొమ్మ ఒక్కో వెలుతురులో వస్తోంది, కెమేరా చెడిపోయింది’’ అంటూ నా దగ్గరికి వచ్చినవాళ్లలో అధికశాతం మంది కెమేరాల్లో ఈ ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంది. స్టూడియోలో గొడుగు లైట్లు పెట్టుకుని తీసే రోజున దాన్ని ఆఫ్ చేయాలి.

ఫోకస్ విషయంలో రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. కదిలే వస్తువులకు వాడే ఏఎఫ్‌సీ మోడ్‌లో, షటర్ నొక్కగానే ఫోకస్ కుదిరినా కుదరకపోయినా బొమ్మ పడేలా ‘రిలీజ్’ డిఫాల్ట్‌గా ఉంటుంది. ఒకే చోట ఉన్న వస్తువులకు వాడే ఏఎఫ్ఎస్‌లో ఫోకస్ కుదిరితేనే పడేలా ‘ఫోకస్’ ఉంటుంది. ఏఎఫ్‌సీలో కూడా ఫోకస్‌కే ప్రాధాన్యమివ్వమని కొందరు సలహా ఇస్తారు. నేను కొల్లేరు ఆటపాకకు గూడబాతులు తీయడానికి వెళ్లినప్పుడు అలా మార్చి చూశాను. నీటి మీద నుంచి రెక్కలు కొట్టుకుంటూ లేచే పక్షి ముందు కెమేరా మొరాయించింది, ఒక్క ఫ్రేమూ పడలేదు. రిలీజ్‌లో ఉంచితే పది ఫ్రేముల్లో నాలుగైనా పదునుగా దక్కుతాయి. పెళ్లిలో వధూవరులు నడిచివచ్చేటప్పుడూ ఇదే లెక్క. దాని కిందే ఫోకస్ ట్రాకింగ్ లాక్‌ఆన్ అని ఉంటుంది. మీకూ పక్షికీ మధ్య ఒక చెట్టుకొమ్మ అడ్డొస్తే కెమేరా ఎంతసేపు ఓపికపట్టాలన్నది అది. పెళ్లిలో ఆ చెట్టుకొమ్మ పాత్రను మేళగాళ్లు, మేనమామలు, సెల్‌ఫోన్ పైకెత్తిన చేతులు పోషిస్తాయి కాబట్టి దాన్ని తగ్గించవద్దు.

రెండో మాట బ్యాక్ బటన్ ఫోకస్. వెనుక బొటనవేలి దగ్గరున్న ఏఈఎల్ ఏఎఫ్ఎల్ అని రాసున్న బటన్‌కు ఏఎఫ్ ఆన్ (ఆటోఫోకస్ చేసే) పని అప్పగిస్తే, ఫోకస్ చేసే పని షటర్ బటన్ నుంచి తప్పిపోతుంది. చూపుడువేలు బొమ్మ తీయడానికి, బొటనవేలు ఫోకస్‌కు. వారం రోజులు చిరాగ్గా ఉంటుంది, ఆ తర్వాత వెనక్కి వెళ్లలేరు. అయితే ‘‘బాబూ, మాతో నువ్వూ నిలబడు’’ అని వరుడి తండ్రి పిలిస్తే, కెమేరాను అక్కడున్న బంధువు చేతికిచ్చి పరుగెత్తే అలవాటు మనకుంది. అతను షటర్ బటనే నొక్కుతాడు, ఫోకస్ మాత్రం మీరు చివరిసారి వదిలిన చోటే ఉండిపోతుంది. మీరున్న ఒకే ఒక్క ఫొటో మసకగా వస్తుంది. నా దగ్గర అలాంటివి ఓ డజను ఉన్నాయి.

బొమ్మ తీశాక అది బాగా వచ్చిందో లేదో చెప్పే మెనూ ప్లేబ్యాక్. దీన్ని చాలామంది తెరవరు. ప్లేబ్యాక్ డిస్‌ప్లే ఆప్షన్స్‌లోకి వెళ్లి హైలైట్స్‌కు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు ఎంతెంత పడిందో గ్రాఫుల్లో చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌కు టిక్ పెట్టి, చివర ఓకే చేయండి. ఓకే చేయకుండా బయటికొస్తే టిక్కులు నిలవవు. ఇక బొమ్మ చూసేటప్పుడు తెల్లగా కాలిపోయిన భాగాలు నల్లగా మిటకరిస్తాయి. పెళ్లికొడుకు తెల్ల పంచె, పందిట్లో మల్లెపూల దండలు మిటకరిస్తుంటే వెంటనే ఎక్స్‌పోజర్ తగ్గించుకోవచ్చు. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఎందుకంటారా? ఎర్రటి కంచిపట్టు చీరను తీసి చూడండి. మొత్తం వెలుతురును చూపే తెల్ల హిస్టోగ్రామ్ నిబ్బరంగా మధ్యలో ఉంటుంది, ఎరుపు రంగుది మాత్రం అత్యధిక వెలుతురు వైపున్న కుడిగోడకు గుద్దుకుని నిలబడి ఉంటుంది. అలా గుద్దుకున్న చోట చీర మీది జరీ నేత, మడతల నీడలు అన్నీ ఒకే ఎర్రటి ముద్దగా మారిపోతాయి. చీర ఖరీదు పెట్టినవాళ్లు ఆ ముద్దను క్షమించరు. ఒక సూక్ష్మం కూడా చెప్పాలి. రా తీస్తున్నా సరే, తెర మీద హిస్టోగ్రామ్ లెక్కించేది కెమేరా తయారుచేసే జేపెగ్ నుంచే. అందుకే పిక్చర్ కంట్రోల్‌ను వివిడ్‌లో ఉంచుకుంటే కాలిపోనిది కూడా కాలిపోయినట్టు చూపిస్తుంది. న్యూట్రల్‌లో ఉంచితే సత్యానికి దగ్గరగా ఉంటుంది. వెలుగునీడల తేడాను కెమేరాయే సర్దే యాక్టివ్ డీ లైటింగ్‌ను కూడా రా తీసేవాళ్లు ఆఫ్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

రంగు మాట వచ్చింది కాబట్టి కలర్ స్పేస్, అంటే ఫైలులో ఏ మేరకు రంగులు ఇమడాలన్న ఎంపిక. ఇందులో రెండే ఎంపికలు, ఎస్‌ఆర్‌జీబీ, అడోబీ ఆర్‌జీబీ. రెండోదానిలో ఎక్కువ రంగులు ఇముడుతాయని ఎక్కడో చదివి, నేను ఒక సీజన్ అంతా దాన్నే వాడాను. జేపెగ్‌లను ప్రింటింగ్‌కు పంపిస్తే ఆల్బమ్‌లు పాలిపోయి వచ్చాయి, కుంకుమ ఇటుకపొడి రంగులోకి దిగింది. ల్యాబ్ వాళ్లతో గొడవపడ్డాను. తప్పు వాళ్లది కాదు. వాళ్ల యంత్రం ప్రతి ఫైలునూ ఎస్‌ఆర్‌జీబీగానే చదువుతోంది, వేరే లిపిలో రాసిన ఉత్తరాన్ని తెలుగనుకుని చదివినట్టు. ల్యాబ్‌కు పంపే వ్యాపారంలో ఉన్నవాళ్లు ఎస్‌ఆర్‌జీబీలోనే ఉండండి. రా ఫైలుకు ఈ సెట్టింగ్‌తో పనిలేదు, కంప్యూటర్‌లో ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. మీ కెమేరా దేనిలో ఉందో మెనూ తెరవకుండానే చెప్పే చిన్న గుర్తు ఒకటుంది. ఫైలు పేరు డీఎస్‌సీ అక్షరాలతో మొదలై ఆ తర్వాత అడ్డగీత (అండర్‌స్కోర్) వస్తే ఎస్‌ఆర్‌జీబీ. అడ్డగీతే ముందొస్తే అడోబీ ఆర్‌జీబీ.

పానా గుర్తున్న సెటప్ మెనూలో అందరూ తేలిగ్గా తీసుకునేది గడియారం. ఒక్కరే తీసినంతకాలం అది తప్పున్నా ఎవరికీ పట్టదు. ఇవాళ ఒక్కో పెళ్లికి ఇద్దరు ముగ్గురు తీస్తున్నారు, ఒకరు సంప్రదాయంగా, ఒకరు క్యాండిడ్‌గా. మూడు కెమేరాల్లోని మూడు వేల బొమ్మలను ఒకచోట పోసి సమయం ప్రకారం పేర్చమంటే, ఒక కెమేరా గడియారం తొమ్మిది నిమిషాలు వెనుకబడి ఉంటే, జీలకర్రబెల్లం కన్నా ముందే తాళి కట్టేసినట్టు వరుస తయారవుతుంది. ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రవాడు వేరే ప్రాంతంవాడైతే అదే వరుసలో వేసేస్తాడు కూడా. బయల్దేరే ముందు అన్ని కెమేరాలనూ ఒకే ఫోను ముందు పెట్టి సమయం కలుపుకోండి. టైమ్ జోన్ మనది యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు, డేలైట్ సేవింగ్ ఆఫ్. అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన కెమేరా అయితే ఈ రెండూ తప్పకుండా చూడాలి. గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ కెమేరా లోపలే ఉంటుంది, పెద్ద బ్యాటరీ నుంచి అది చార్జవుతుంది. మూఢాల్లో పనిలేక పెద్ద బ్యాటరీ తీసేసి నెలల తరబడి బీరువాలో పెడితే అది నీరసించి, గడియారం మొదటికొస్తుంది. పై తెర మీద ‘క్లాక్’ అని మెరుస్తుంటే అర్థం అదే.

ఆ మెనూలోనే కాపీరైట్ ఇన్ఫర్మేషన్ ఉంది. ఆర్టిస్ట్ పేరుకు 36 అక్షరాలు, కాపీరైట్ వాక్యానికి 54 అక్షరాలు, ఇంగ్లీషులో. మీ పేరు రాసి టిక్ పెడితే, ఆ తర్వాత తీసే ప్రతి ఫైలులోనూ అది చేరుతుంది. తుడిచేయడం కష్టమేమీ కాదు, కాబట్టి దొంగను ఇది ఆపదు. కానీ బొమ్మ ఎవరిదన్న తగాదా వస్తే చేతిలో ఒక కాగితం ఉన్నట్టు. కెమేరాను అద్దెకిచ్చినా, అమ్మినా మీ పేరు తీసేయడం మరచిపోవద్దు. వేరేవాళ్లు తీసిన చెడ్డ ఫొటోలకు మీరు బాధ్యులవుతారు.

భాష సంగతి కూడా అక్కడే ఉంది. ఈ కెమేరాల భాషల జాబితాలో తెలుగు ఉందన్న సంగతి ఈ హాల్లో ఎంతమందికి తెలుసో చేతులెత్తండి. పది దాటలేదు. వృత్తిలో మనమంతా ఇంగ్లీషు మాటలే వాడతాం కాబట్టి నేనూ ఇంగ్లీషులోనే ఉంచుకున్నాను. అయితే ఇంగ్లీషు చదవడానికి జంకే కొత్త సహాయకుడికి ఒక నెలపాటు తెలుగులో పెట్టి ఇచ్చి చూడండి. ఆప్షన్ పేరు అర్థం కాకపోతే ప్రశ్నార్థకం గుర్తున్న బటన్ నొక్కిపట్టండి, ఆ ఆప్షన్ ఏంచేస్తుందో కెమేరాయే రెండు వాక్యాల్లో చెబుతుంది.

చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. చీకట్లో ఫోకస్ కోసం వెలిగే ఏఎఫ్ అసిస్ట్ దీపం ఆఫ్ చేయండి, కన్యాదానం వేళ పెళ్లికూతురి తండ్రి కంట్లో లైటు కొట్టకూడదు. బీప్ ఆఫ్, గుళ్లో అయితే మరీను. దీపావళి రాత్రి తారాజువ్వలను లాంగ్ ఎక్స్‌పోజర్‌తో తీసేటప్పుడు లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే పది సెకన్ల బొమ్మ తర్వాత దాదాపు ఇంకో పది సెకన్లు కెమేరా తన పని తాను చేసుకుంటూ మిమ్మల్ని నిలబెడుతుంది. వీడియోలో ఫ్లికర్ రిడక్షన్ 50 హెర్ట్జ్, ఫ్రేమ్ రేటు 25 లేదా 50, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, మన ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు కొట్టుకుంటాయి. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమేరాలకు మారినవాళ్లు శబ్దం లేదు కదా అని ఎలక్ట్రానిక్ షటర్‌ను ఎల్ఈడీ తెరల ముందు వాడి, బొమ్మ నిండా అడ్డచారలతో తిరిగొస్తున్నారు. అక్కడ మెకానికల్ షటరే దిక్కు.

ఇంత చేశాక దీన్ని దాచుకోవడం ఎలా? డి750 మోడ్ చక్రం మీద యు1, యు2 అని రెండు గుర్తులున్నాయి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెళ్లికి తగినట్టు అమర్చి, సెటప్ మెనూలో సేవ్ యూజర్ సెట్టింగ్స్‌లో యు1గా దాచండి. నాకు యు1 అంటే పందిరి: అపెర్చర్ ప్రయారిటీ, ఆటో ఐఎస్ఓ, కనిష్ఠం 1/200. యు2 అంటే స్టూడియో: మాన్యువల్, ఐఎస్ఓ 100, ఆటో ఐఎస్ఓ ఆఫ్. గందరగోళంలో ఏదో బటన్ నొక్కి అంతా కలగాపులగం అయితే చక్రాన్ని పక్కకు తిప్పి మళ్లీ యు1కు తెస్తే చాలు, దాచినట్టే తిరిగొస్తుంది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. యు1లో ఉండగా మీరు మార్చింది ఏదైనా, కెమేరా ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోతుంది. నచ్చిన మార్పును మళ్లీ సేవ్ చేసుకోవాలి. అన్ని ఆప్షన్లూ ఇందులోకి ఎక్కవు కూడా, ఫైలు పేరు వంటివి బయటే ఉంటాయి.

అప్పుడప్పుడూ ముట్టుకోక తప్పని ఆప్షన్లను చివరి గుర్తయిన మై మెనూలోకి తెచ్చుకోండి. 20 దాకా పడతాయి గానీ ఆరు మించనివ్వకండి, ఒక్క తెరలో అన్నీ కనబడాలి. నా మై మెనూలో ఉన్నవి కార్డు ఫార్మాట్, ఆటో ఐఎస్ఓ, రెండో స్లాట్ పాత్ర, ఫ్లాష్ కంట్రోల్, బ్యాటరీ ఇన్ఫో. చివరగా, సేవ్ లోడ్ సెట్టింగ్స్ అనే ఆప్షన్‌తో ఈ అమరికనంతా కార్డులో ఒక చిన్న ఫైలుగా రాసుకోవచ్చు. దాన్ని కంప్యూటర్‌లో దాచండి, పేరు మాత్రం మార్చకండి. పేరు మారిస్తే కెమేరా దాన్ని గుర్తుపట్టదు. సర్వీసింగ్‌కు ఇచ్చిన కెమేరా అన్నీ చెరిపేసుకుని తిరిగొచ్చిన రోజున ఆ ఫైలు విలువ తెలుస్తుంది.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఆ గడియారమైనా సరిగ్గా ఉందని ఆశిస్తాను. ప్రశ్నలకు వెళ్లేముందు అందరూ ఒక పని చేయండి. కెమేరాలు బయటికి తీసి, రెండు స్లాట్లలోని కార్డులు తీసి ఒళ్లో పెట్టుకుని, షటర్ నొక్కండి. ఎవరి కెమేరా క్లిక్‌మంటుందో వాళ్లు ముందు వరుసలోకి రండి, వాళ్లతో మొదలుపెడదాం.